మరిగినా చావని బీజం

అరకు ప్రయాణమంటే మన ఇళ్లలో ముందు రోజు రాత్రే హడావుడి మొదలవుతుంది. తెల్లారకముందే లేచి కిరండూల్ రైలు అందుకోవాలి. అందుకని పిల్లలు ఇష్టపడే ఫ్రైడ్ రైసో, ఎగ్ బిర్యానీయో రాత్రే వండేసి, మూతపెట్టి వంటగట్టు మీద వదిలేస్తారు. పొద్దున్నే పొగలు వచ్చేదాకా వేడిచేసి డబ్బాల్లో సర్దుతారు. బొర్రా గుహలు చూసొచ్చాక మధ్యాహ్నం తింటారు. సాయంత్రానికి ఒకరికి వాంతులు, మరొకరికి నీళ్ల విరేచనాలు. నింద మాత్రం కొండనీళ్ల మీదో, దారిలో తిన్న బొంగు చికెన్ మీదో పడుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాను ఎవరూ అనుమానించరు. అంత బాగా వేడిచేశాం కదా అనుకుంటారు.

వేడిచేస్తే అన్ని క్రిములూ చస్తాయన్నది సగం నిజమే. కొన్ని క్రిములు గట్టి పెంకులో దాక్కుని ఎండనూ, కరవునూ, మరిగే నీళ్లనూ తట్టుకుంటాయి. ఆ రహస్యం సుమారు 150 ఏళ్ల కిందట బయటపడింది. దాన్ని వెలికితీసిన వారిలో ముఖ్యుడు ఓ మారుమూల ఊళ్లో రోగులను చూసుకునే సర్కారు వైద్యుడు. పేరు రాబర్ట్ కోచ్. క్షయ క్రిమిని కనిపెట్టిన శాస్త్రవేత్తగా మీరు బడిలో చదివిన మనిషే. అయితే ఆయనకు తొలిసారి పేరు తెచ్చింది క్షయ కాదు, గొర్రెలను చంపే ఓ జబ్బు. ఆ జబ్బు మన అరకు కొండల్లో ఇప్పటికీ ఉంది. ఆయన కథ మన వంటింటి దాకా వస్తుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

కొండల్లో నల్లటి పుండు

పశువైద్యులు దీన్ని దొమ్మ రోగం అంటారు. డాక్టర్ల భాషలో ఆంత్రాక్స్. నిన్నటిదాకా గడ్డి మేసిన మేకో, గొర్రో, ఆవో ఉన్నట్టుండి కూలిపోతుంది. ముక్కులోంచీ, వెనక నుంచీ గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంది. చచ్చిన జీవాన్ని కోసి, మాంసం వాటాలు వేసుకుని ఇళ్లకు తీసుకెళతారు. కొద్ది రోజులకు కోసినవాళ్ల చేతుల మీద, మోచేతుల మీద చిన్న పొక్కు లేస్తుంది. దురద ఉంటుంది గానీ నొప్పి ఉండదు. పొక్కు పగిలి, మధ్యలో బొగ్గులాంటి నల్లటి పెచ్చు కడుతుంది. ఆంత్రాక్స్ అన్న మాటకు మూలం కూడా గ్రీకు భాషలో బొగ్గే.

విశాఖ మన్యం నుంచి ఇలాంటి పుండ్లతో వచ్చినవాళ్లు విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో వైద్యం చేయించుకున్న సందర్భాలు గత పది పదిహేనేళ్లలోనూ ఉన్నాయి. కొండకు అవతల, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలోనైతే ఇది ఏళ్ల తరబడి పాతుకుపోయిన జబ్బు. చర్మానికి వస్తే మందుతో నయమవుతుంది. మాంసం ద్వారా పేగుల్లోకి చేరితే మాత్రం కడుపునొప్పి, నెత్తురు వాంతులు, నెత్తురు విరేచనాలతో ప్రాణం మీదకు వస్తుంది.

చచ్చిన జీవాన్ని ఎందుకు తినాలి అని మైదానంలో కూర్చుని అడగడం తేలిక. ఏడాదంతా పెంచిన జీవం పోతే ఆ ఇంటికి అది పెద్ద నష్టం. మాంసం అక్కడ రోజూ దొరికే తిండీ కాదు. పైగా బాగా ఉడికిస్తే ఏం కాదన్న నమ్మకం ఉంది. మనం రాత్రి బిర్యానీని పొద్దున వేడిచేసేటప్పుడు మనలో ఉన్నదీ అదే నమ్మకం. తేడా పాత్రలో ఉన్న క్రిమిదే.

ఆయనదీ కొండ ఊరే

కోచ్ 1843 డిసెంబరు 11న జర్మనీలోని హార్జ్ కొండల్లో, క్లౌస్టాల్ అనే గనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి గనుల అధికారి. ఇంట్లో 13 మంది పిల్లలు, ఇతను మూడోవాడు. గొటింగెన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. అక్కడ ఆయనకు పాఠం చెప్పినవారిలో యాకోబ్ హెన్లే ఒకరు. అంటువ్యాధులకు కారణం కంటికి కనిపించని ప్రాణులేనని ఆ గురువు 1840లోనే వాదించాడు. రుజువు చేసే సాధనాలు అప్పటికి లేవు. 1866లో పట్టా తీసుకున్న శిష్యుడు ఆ తర్వాత కొన్నాళ్లు హాంబర్గ్ ఆసుపత్రిలో పనిచేశాడు. అప్పుడు ఊరంతా కలరా. ఆయన జీవితంలో కలరా మళ్లీ రెండుసార్లు ఎదురుపడుతుంది.

ఓడ డాక్టరుగా దేశదేశాలు తిరగాలని ఆయన కోరిక. పెళ్లయ్యాక అది పక్కకు పోయింది. ఊరూరూ మారుతూ ప్రాక్టీసు చేశాడు, 1870లో ఫ్రాన్సుతో యుద్ధం వస్తే సైనిక ఆసుపత్రుల్లో పనిచేశాడు. చివరికి 1872లో వోల్‌స్టైన్ అనే చిన్న ఊరికి జిల్లా వైద్యాధికారిగా వెళ్లాడు. అది ఇప్పుడు పోలండ్‌లో ఉంది. పొద్దున రోగులు, మధ్యాహ్నం పల్లెలకు బండి ప్రయాణాలు, టీకాలు, మరణ ధ్రువీకరణలు. మన పీహెచ్‌సీ డాక్టరు పని ఎలా ఉంటుందో అలాగే. భార్య ఎమ్మీ పుట్టినరోజు కానుకగా ఓ మైక్రోస్కోపు కొనిచ్చిందని చెబుతారు. రోగులను చూసే గదిలోనే ఓ మూల తెర కట్టుకుని దానితో పని మొదలుపెట్టాడు.

ఆ చుట్టుపక్కల గొర్రెలు, పశువులు ఆంత్రాక్స్‌తో చచ్చిపోయేవి. చచ్చిన జీవాల నెత్తుటిలో సన్నటి పుల్లల్లాంటివి ఉంటాయని అంతకు 20 ఏళ్ల ముందే కొందరు చూశారు. అయితే ఓ చిక్కుముడి అలాగే ఉండిపోయింది. ఆ నెత్తురు కొద్ది రోజులకు పాడైపోతే అందులోని పుల్లలు చచ్చేవి, ఆ నెత్తురుతో జబ్బు అంటేది కాదు. అలాంటప్పుడు ఏళ్ల కిందట జీవం చచ్చిన బీడులో ఈ ఏడు మేసిన గొర్రె ఎందుకు చస్తోంది? రైతులు ఆ నేలలను శాపం తగిలినవిగా చూసేవారు.

కోచ్ చేసిన పని చాలా సాదాది. ఎద్దు కంటిలోని స్వచ్ఛమైన నీటిని ఒక చుక్క తీసుకున్నాడు. జబ్బుతో చచ్చిన ఎలుక ప్లీహం నుంచి ఆవగింజంత ముక్క అందులో వేశాడు. చుక్కను గాజు పలక కింద వేలాడేలా అమర్చి, ఒంటి వేడి దగ్గర ఉంచి, గంటల తరబడి చూస్తూ కూర్చున్నాడు. పొట్టి పుల్లలు సాగి పొడవాటి దారాలయ్యాయి. తర్వాత ఆ దారాల్లో పూసలు గుచ్చినట్టు మెరిసే చుక్కలు వరుసగా పుట్టాయి. దారాలు కరిగిపోయాయి, పూసలు మిగిలాయి. వాటిని ఎండబెట్టాడు. రోజులు గడిచాక మళ్లీ తాజా చుక్కలో వేశాడు. ఎండు గింజ మొలకెత్తినట్టు పూసలోంచి పుల్ల పుట్టుకొచ్చింది. దాన్ని ఎక్కిస్తే ఎలుక చచ్చింది.

ఆ పూసలనే స్పోర్లు అంటాం. బీజాలన్నమాట. గాలి, తగినంత వెచ్చదనం ఉంటేనే పుల్లలు బీజాలుగా మారతాయని కూడా ఆయన గమనించాడు. ఇది ఇవాళ్టి మన్యానికి సూటిగా పనికొచ్చే సంగతి. చచ్చిన జీవాన్ని కోయకుండా ఉంచితే లోపలి క్రిములు కుళ్లులో చాలావరకు చచ్చిపోతాయి. కోస్తే నెత్తుటికి గాలి తగులుతుంది, క్రిమి బీజమవుతుంది, నేలలో దశాబ్దాలు ఉంటుంది. ఎన్ని దశాబ్దాలంటే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1942లో బ్రిటన్ తన గ్రూనార్డ్ దీవి మీద ఆంత్రాక్స్‌ను ఆయుధంగా పరీక్షించింది. నేలను రసాయనాలతో శుద్ధిచేసి, ఇక మనుషులు రావచ్చని చెప్పింది 1990లో.

1876 వసంతంలో ఆ పల్లె డాక్టరు తన ఎలుకలు, గాజు పలకలు సర్దుకుని బ్రెస్లావ్ నగరానికి వెళ్లి, వృక్షశాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ ముందు ప్రయోగమంతా చేసి చూపించాడు. కోన్ ఆ సమయంలోనే ఎండుగడ్డిలో ఉండే మరో క్రిమి బీజాలను పరిశీలిస్తున్నాడు. అవి మరిగే నీళ్లలోనూ చావడం లేదని ఆయనకు తెలుసు. ఇద్దరి వ్యాసాలూ ఆ ఏడాది ఒకే పత్రికలో వచ్చాయి. వైద్యరంగంలో పేరున్న పత్రికలు కాదని ఓ వృక్షశాస్త్ర పత్రికలో ఇంతటి సంగతి రావడం విచిత్రమే.

మీ బియ్యంలో దాని బంధువు

ఇక వంటింట్లోకి రండి. ఆంత్రాక్స్ క్రిమి పేరు బాసిల్లస్ ఆంత్రాసిస్. దానికి అతి దగ్గరి బంధువు బాసిల్లస్ సీరియస్. ఇది మట్టిలో ఉంటుంది, మట్టి నుంచి వడ్లకు, వడ్ల నుంచి బియ్యానికి వస్తుంది. మీ డబ్బాలోని బియ్యంలోనూ దాని బీజాలు ఉండే ఉంటాయి. కంగారు పడకండి, అలా ఉన్నందువల్ల ఏమీ కాదు. కథ అన్నం వండాకే మొదలవుతుంది.

బియ్యం ఉడికేటప్పుడు మామూలు క్రిములు చస్తాయి, బీజాలు మిగులుతాయి. పైగా ఆ వేడే వాటిని నిద్ర లేపుతుంది. గిన్నె నిండా ఉన్న అన్నం మూత కింద నెమ్మదిగా చల్లారుతుంది, నడిమధ్యన గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. పోటీకి మరో క్రిమి లేదు, తేమకూ తిండికీ లోటు లేదు. బీజాలు మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని విడుస్తాయి. పొద్దున మీరు వేడిచేస్తే క్రిములు చస్తాయి. ఆ విషం మాత్రం 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. పెనం మీద పది నిమిషాలు తిప్పితే దానికి ఏమవుతుంది? అన్నం వాసన మారదు, రుచి మారదు. తిన్న అరగంట నుంచి 6 గంటల్లోపు వాంతులు మొదలవుతాయి.

ఇదే తరహా బీజాలున్న మరో క్రిమి క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. దీనికి మాంసం ఇష్టం, గాలి అక్కర్లేదు. పెళ్లిళ్లలో పెద్ద గుండిగలో వండిన మటన్ కూర అడుగున, గాలి తగలని చోట, గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరుగుతుంది. రాత్రి విందు తిన్నవాళ్లకు మర్నాడు పొద్దున కడుపులో మెలిపెట్టి విరేచనాలు పట్టుకుంటాయి. వాంతులు పెద్దగా ఉండవు. చాలామంది నూనె ఎక్కువైందని సరిపెట్టుకుంటారు.

బీజాలు లేకపోయినా విషం మిగిల్చే క్రిమి ఇంకోటి ఉంది, స్టెఫైలోకాకస్. వండేవాళ్ల వేలి మీది చీముగడ్డ నుంచో, ముక్కు నుంచో పాలకోవాలోకి, కోడిగుడ్డు కూరలోకి వస్తుంది. దాని విషం కూడా మరిగించినా పోదు.

కాబట్టి ప్రశ్న ఎంత వేడిచేశారన్నది కాదు. వండాక ఎంతసేపు బయట ఉంచారన్నది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములకు పండగ. వండినది తినేదాకా పొగలు కక్కుతూ ఉండాలి, లేదంటే 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మన ఎండాకాలంలోనైతే గంటే గడువు. గిన్నెతో పెట్టేస్తే మధ్యభాగం చల్లబడేసరికి చాలాసేపు పడుతుంది, వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, చల్లారగానే పెట్టండి. ప్రయాణానికి అన్నం అవసరమైతే పొద్దున్నే వండుకోండి. పాతకాలం వాళ్లు తీర్థయాత్రలకు పులిహోర కట్టుకెళ్లడంలో అర్థం ఉంది. చింతపండు పులుపులో ఈ క్రిములు అంత తేలిగ్గా పెరగవు. మరి చద్దన్నం మాటేమిటని మీరు అడుగుతారు. మజ్జిగ కలిపి పులియబెట్టిన అన్నంలో పెరుగు క్రిములు పుట్టించే పులుపే కాపలా కాస్తుంది. ఏమీ కలపకుండా గిన్నెలో వదిలేసిన రాత్రి అన్నానికి ఆ కాపలా ఉండదు. రెండింటినీ ఒకే గాట కట్టకండి.

బొంగు చికెన్‌ను కూడా అన్యాయంగా తిట్టొద్దు. పచ్చి వెదురు బొంగులో కూరి, నిప్పుల మీద కాల్చి, మీ కళ్ల ముందే ఆకులో ఒంపి ఇచ్చే మాంసం లోపలిదాకా ఉడికితే నిక్షేపంలాంటిది. కోడిమాంసంలో ఉండే సాల్మోనెల్లాకు బీజాలు లేవు, సరిగ్గా ఉడికితే చస్తుంది. మసాలా పట్టించిన పచ్చి మాంసం పొద్దుటి నుంచి ఎండలో బకెట్లో ఉందా, ఎముక దగ్గర ఇంకా ఎర్రగా ఉందా, పచ్చిమాంసం పట్టుకున్న చేత్తోనే ఉల్లిపాయలు పెడుతున్నారా అన్నది మాత్రం చూసుకోండి.

కలకత్తా చెరువు

ఆంత్రాక్స్‌తో వచ్చిన పేరు కోచ్‌ను 1880లో బెర్లిన్‌లోని ఆరోగ్య కార్యాలయానికి చేర్చింది. క్రిములను విడివిడిగా పెంచడం అక్కడే కుదిరింది. ఉడికించిన బంగాళదుంప ముక్క మీద మొదలుపెట్టాడు, తర్వాత జిలటిన్ వాడాడు. అది వేడికి కరిగిపోయేది. అప్పుడు సహచరుడు వాల్టర్ హెస్సే భార్య ఫానీ, తన వంటలో జెల్లీలకు వాడే అగార్ వాడి చూడమంది. నేటికీ మన విరేచన నమూనాను కల్చర్ పరీక్షకు పంపితే ల్యాబ్‌లో దాన్ని పెంచేది అగార్ మీదే. ఆ చిట్కా ఇచ్చిన ఇల్లాలి పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించదు. 1881లో కోచ్ బృందం ఆంత్రాక్స్ బీజాల మీద పొడి వేడినీ, ఆవిరినీ పోల్చి చూసింది. ఆవిరే బలంగా పనిచేసింది. 1882 మార్చి 24న క్షయ క్రిమిని ప్రకటించాడు. దాని గురించి మీకు తెలుసు.

1883లో ఈజిప్టులో కలరా చెలరేగింది. జర్మన్ బృందంతో కోచ్, ఫ్రెంచి బృందంతో పాశ్చర్ శిష్యులు అలెగ్జాండ్రియా చేరారు. రెండు దేశాల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోజులవి. ఫ్రెంచి యువకుడు లూయీ తుయిలియే అక్కడే కలరాతో చనిపోతే కోచ్ అంత్యక్రియలకు వెళ్లాడు. ఈజిప్టులో జబ్బు తగ్గిపోవడంతో దాన్ని వెతుక్కుంటూ ఆ డిసెంబరులో కలకత్తా వచ్చాడు. 1884 ఆరంభంలో కామా గుర్తులా వంగిన క్రిమిని విడిగా పెంచగలిగాడు. నగర శివార్లలో ఓ చెరువు చుట్టూ కలరా ప్రబలితే ఆ నీళ్లలోనూ అది దొరికింది. ఆ చెరువులోనే స్నానాలు, అందులోనే రోగి బట్టల ఉతుకు, తాగడానికీ అవే నీళ్లు.

ఇలాంటి దృశ్యం కోసం కలకత్తా దాకా పోనక్కర్లేదు. 2007లో తూర్పు కనుమల్లోని రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా ప్రబలి పల్లెలకు పల్లెలు మంచం పట్టాయి. తొలకరి పడితే మన మన్యంలోనూ కొండ వాలు మీది మలినమంతా గెడ్డల్లోకి, ఊట బావుల్లోకి దిగుతుంది. విరేచనాల కేసులు అప్పుడే పెరుగుతాయి.

ఇక్కడ ఓ మంచి సంగతి ఉంది. కలరా క్రిమికి బీజాలు లేవు. టైఫాయిడ్, రక్త విరేచనాల క్రిములకూ లేవు. నీళ్లు తెర్లేలా ఒక్క నిమిషం మరిగితే చాలు, ఇవన్నీ చస్తాయి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అయినా సరిపోతుంది. తాగేనీళ్ల విషయంలో మరిగించడాన్ని పూర్తిగా నమ్మొచ్చు. బయట నిలవున్న తిండి విషయంలో నమ్మకూడదు. చాలా ఇళ్లలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. నీళ్లు పచ్చివే తాగుతారు, రాత్రి కూరను మాత్రం మూడుసార్లు మరిగిస్తారు.

1892లో హాంబర్గ్‌లో కలరా మళ్లీ వచ్చింది. ఎల్బే నది నీళ్లను వడపోయకుండా తాగిన ఆ నగరంలో 8,000 మందికి పైగా చనిపోయారు. దాన్ని ఆనుకునే ఉన్న ఆల్టోనా ఊరు అంతకంటే మురికైన దిగువ నీళ్లే తోడుకుంది. అయితే ఇసుకలో వడకట్టి ఇచ్చింది, జబ్బు పెద్దగా తాకలేదు. క్రిమి ఒక్కటే కలరా తేలేదని వాదించే పెటెన్‌కోఫర్ అనే పెద్దాయన ఆ ఏడాదే కోచ్ క్రిములున్న ద్రవాన్ని పంతం కొద్దీ తాగేశాడు. కాస్త విరేచనాలై బతికిపోయాడు. ఒకే విందులో తిన్న పదిమందిలో నలుగురే ఎందుకు పడతారని మీకు అనుమానం ఉంటే జవాబు ఇక్కడే ఉంది. లోపలికి వెళ్లిన క్రిముల లెక్క, కడుపులోని ఆమ్లం, వయసు, ఒంటి బలం అందరికీ ఒక్కటి కావు.

కోచ్ దగ్గర లేని మందు

కలరా క్రిమి పట్టుబడింది గానీ, ఆసుపత్రిలో ఎండిపోతున్న రోగికి ఇవ్వడానికి కోచ్ దగ్గర ఏమీ లేదు. ఆ క్రిమి విషం పేగుల్లోకి నీళ్లు తోడేస్తుందని కలకత్తా వైద్యుడు శంభునాథ్ దే 1959లో చూపించారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహాలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమందిని కాపాడారు. ఆ నీళ్లే ఓఆర్‌ఎస్. ఇవాళ మీ ఊరి మందుల కొట్లో కొద్ది రూపాయలకు దొరుకుతుంది.

ఫుడ్ పాయిజనింగ్‌లో మనిషిని ముందుగా దెబ్బతీసేది ఒంట్లోంచి పోయే నీళ్లు, లవణాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. సగం ప్యాకెట్ సగం గ్లాసులో అంటూ అంచనాగా కలపకండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు తలగొట్టిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. 2 ఏళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన పిల్లలకు 100 నుంచి 200. పెద్దవాళ్లు తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా మళ్లీ పట్టండి. తల్లిపాలు ఆపొద్దు. గంజి, మజ్జిగ, పెరుగన్నం తినగలిగితే పెట్టండి, కడుపు మాడ్చడం వల్ల ఒరిగేది లేదు. పిల్లలకు డాక్టరు సలహాతో జింకు 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి. కూల్‌డ్రింకులు, అట్టపెట్టెల్లోని తియ్యటి రసాలు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు, ఎక్కువ చక్కెర విరేచనాలను ఇంకా పెంచుతుంది.

విరేచనం కట్టేసే మాత్ర కోసం వెంటనే పరిగెత్తకండి. జ్వరమో, మలంలో నెత్తురో ఉన్నప్పుడు అది హాని చేస్తుంది. పిల్లలకైతే అసలే వద్దు. యాంటీబయోటిక్ కూడా చాలామందికి అక్కర్లేదు, విషం వల్ల వచ్చే వాంతులకు అది పనిచేయదు. మలంలో నెత్తురు, 102 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, ఏది తాగినా నిలవకపోవడం, బియ్యం కడుగులాంటి విరేచనాలు ధారగా పోవడం, మూత్రం రాకపోవడం, కళ్లు గుంటలు పడటం, మగతగా ఉండటం, 3 రోజులైనా తగ్గకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. చూపు మసకబారి, రెప్పలు వాలిపోతే అది బోట్యులిజం అనే అరుదైన, ప్రమాదకరమైన విషం కావచ్చు. గంట కూడా ఆగొద్దు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, షుగరు రోగుల విషయంలో పైన చెప్పినవి వచ్చేదాకా ఎదురుచూడటం కూడా సరికాదు. డాక్టరుకు ఏం తిన్నారో చెప్పడంతోపాటు ఎన్ని గంటలకు జబ్బు మొదలైందో చెప్పండి. 6 గంటల్లోపు వాంతులైతే ముందే తయారైన విషం అని, 12 గంటలు దాటి జ్వరంతో విరేచనాలైతే సాల్మోనెల్లా లాంటిదని ఆయనకు అనుమానించే వీలుంటుంది.

మన్యంలో పనిచేసే టీచర్లు, ఉద్యోగులు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి ఇంకో మాట. జీవం ఉన్నట్టుండి చస్తే కోయనివ్వకండి, పశువైద్యుడికి కబురు పెట్టండి. కళేబరాన్ని కాల్చడమో, లోతుగా పూడ్చడమో చేయాలి. మిగతా మందకు టీకా ఉంది. ఇప్పటికే మాంసం ముట్టుకున్నవాళ్లకు పొక్కు లేచినా, తిన్నవాళ్లకు కడుపునొప్పి, జ్వరం వచ్చినా ఆ రోజే పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. పెన్సిలిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు తొందరగా మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. తిట్టి పంపితే మాత్రం రెండోసారి ఎవరూ చెప్పరు.

పొరపడ్డ చోట్లు

కోచ్‌ను దేవుణ్ని చేయక్కర్లేదు. 1890లో క్షయకు మందు దొరికిందంటూ ట్యూబర్‌కులిన్‌ను ప్రకటించాడు, అందులో ఏముందో చెప్పలేదు. రోగులు బెర్లిన్‌కు పోటెత్తారు. జబ్బు తగ్గలేదు, కొందరు చనిపోయారు. తర్వాతి రోజుల్లో అది పరీక్షగా మాత్రం పనికొచ్చింది. 1906లో తూర్పు ఆఫ్రికా వెళ్లి అతినిద్ర జబ్బుకు ఆర్సెనిక్ ఉన్న మందు వాడితే కొందరి చూపు పోయింది.

తిండికి సంబంధించిన పొరపాటు 1901 నాటిది. పశువుల క్షయ పాల ద్వారా మనుషులకు రావడం చాలా అరుదని లండన్ సభలో చెప్పాడు. అంత పెద్దాయన మాట కావడంతో దాన్ని కాదని తేల్చడానికి బ్రిటన్‌లో ఓ కమిషన్ పదేళ్లు పనిచేయాల్సి వచ్చింది. పచ్చిపాలే బలం అనేవాళ్లు ఇవాళా ఉన్నారు. మీరు మాత్రం కాచే తాగండి.

ఆ మరుసటి ఏడాదే మరో మేలు చేశాడు. జర్మనీలోని ట్రియర్ ప్రాంతంలో టైఫాయిడ్‌ను వెంటాడుతూ, జబ్బు లక్షణాలు లేని మనుషులు కూడా క్రిమిని మోస్తూ ఇతరులకు అంటించగలరని గుర్తించాడు. 1907లో న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి దొరికింది సరిగ్గా ఈ ఆలోచన వల్లే. ఆమె ఆరోగ్యంగా ఉండేది, ఆమె వండిపెట్టిన ఇళ్లలో మాత్రం టైఫాయిడ్ వచ్చేది. హాస్టళ్లలో, క్యాటరింగ్‌లో వండేవాళ్లకు పరీక్షలు చేయించాలనడం, మరుగుదొడ్డి నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడగాలని పట్టుబట్టడం వెనుక ఉన్నదీ ఇదే.

1905లో క్షయ మీద చేసిన కృషికి నోబెల్ వచ్చింది. 1910 మే 27న, 66 ఏళ్ల వయసులో గుండెజబ్బుతో బాడెన్-బాడెన్‌లో చనిపోయాడు. చితాభస్మాన్ని బెర్లిన్‌లో ఆయన పేరిట ఉన్న సంస్థలోనే ఉంచారు. వోల్‌స్టైన్‌లో ఆయన రోగులను చూసిన, ఎలుకలను పెంచిన ఇల్లు ఇప్పుడు చిన్న మ్యూజియం.